దడికి అవతలి మునగచెట్టు

మాకు మంచిర్యాలలో అద్దెకు దొరికింది నిజానికి సగం ఇల్లు. పొడుగాటి పెంకుటింటికి నడుమ గోడ లేపి రెండు వాటాలు చేశాడు ఇంటి యజమాని. ఒక వాటాలో మేము, రెండో దాంట్లో ఒక దర్జీ, ఆయన భార్య. ముందు వాకిళ్లు వేరైనా వెనుక పెరడు ఒకటే. దానికి అడ్డంగా వెదురు దడి ఒకటి ఉండేది గాని, అక్కడక్కడా కూలిపోయి ఎవరైనా కాలెత్తి దాటిపోయేలా ఉండేది. ఆ దడికి అవతల పెద్ద మునగచెట్టు. మొలిచింది వాళ్ల వైపే అయినా కొమ్మలు సగం మా వైపు వాలి ఉండేవి.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఎంతో కాలం కాలేదు. మా ఆయనకు టింబర్ డిపోలో గుమస్తా పని దొరికింది. చెన్నూరు వైపు అడవుల నుంచి టేకు దుంగలు బండ్ల మీద, లారీల మీద వచ్చి అక్కడ పడేవి. ఆయన పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకు వచ్చేవాడు. చొక్కా దులిపితే రంపపు పొట్టు రాలేది. నేను గోదావరికి అటు పక్క, కరీంనగర్ జిల్లాలో, సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టినదాన్ని. ఇంకా పాలు మరవని బిడ్డను చంకనేసుకుని ఆ సగం ఇంట్లోకి వచ్చాను. పగలంతా నేను, నా బిడ్డ, గోడలు.

వచ్చిన రోజు పెరటి తలుపు తీసి చూస్తే ఏడుపు వచ్చింది. వానలు వెనకబట్టిన రోజులవి. పెరడంతా మోకాలి దాకా తుంగ. దాని నడుమ పల్లేరు, గరిక, పేరు తెలియని ముళ్లకంప. బావి గట్టు దాకా నడవాలంటే కాలు ఎక్కడ పెట్టాలో తెలియదు. మొదటి వారంలోనే పొయ్యి పక్కన తేలు కనిపించింది. బిడ్డ నేల మీద పాకుతుంది, అందిందల్లా నోట్లో పెట్టుకుంటుంది. ఈ గడ్డి పోతే తప్ప నాకు నిద్ర పట్టదనుకున్నాను.

ఒక పొద్దున కూర్చుని పీకడం మొదలుపెట్టాను. పైన ఆకు చేతికి వస్తోంది, కింద గడ్డ మట్టిలోనే ఉండిపోతోంది. దడి అవతల నుంచి ఒక గొంతు వినబడింది.

"పీకితె పోదు చెల్లె. మల్లొస్తది. గడ్డపారతోని తవ్వాలె."

తలెత్తి చూశాను. నలభై దాటిన మనిషి. నేత చీర కట్టుకుని, కొంగు తల మీదుగా నిండా కప్పుకుని ఉంది. చేతిలో సగం కుట్టిన కమీజు, పెదవుల మధ్య సూది. నా జవాబు కోసం చూడకుండా లోపలికి పోయి గడ్డపార పట్టుకుని దడి దాటి వచ్చింది.

"నాకూ తెలుసు అక్కా, మాది ఎవుసాయం ఇల్లే," అన్నాను కొంచెం ఉడుకుమోత్తనంగా.

"తెలుసుంటె ఇంకా మంచిది. నువ్వు తవ్వు, నేను ఏరుత," అంది నవ్వుతూ.

ఆవిడ దర్జీ భార్య. అక్కా అని పిలిచినందుకు సంతోషపడింది గాని, తమ ఇళ్లలో ఆపా అంటారని చెప్పింది. ఆ రోజు నుంచి నాకు ఆవిడ ఆపా. ఆవిడ భర్తను నేను భాయి అనేదాన్ని. చాలా నెమ్మది మనిషి. బజారులో ఒక వరండాలో మిషను పెట్టుకుని కుట్టేవాడు. కాజాలు, గుండీలు, అంచు కుట్లు ఆపా ఇంట్లో కూర్చుని చేతితో కుట్టేది. ఇద్దరూ పని చేస్తే ఇల్లు గడిచేది.

ఆ చలికాలమంతా మేమిద్దరం పెరడు తవ్వాము. మగవాళ్లు పనికి పోయాక, వంటలు అయ్యాక, మా బిడ్డను గోనెసంచి మీద కూర్చోబెట్టి తవ్వేవాళ్లం. తుంగ గడ్డలు ఒకదానికి ఒకటి దారంతో కట్టినట్టు మట్టిలో సాగుతూ ఉంటాయి. ఒకదాన్ని పట్టుకుని లాగితే తెగుతుంది, తెగిన చోట వెతకాలి. ఏరిన గడ్డలను ఆపా చాపమీద ఎండబోసేది. సగం పొయ్యిలోకి పోయేవి. మిగతావి కడిగి ఎండబెట్టి దంచి, శనగపిండిలో కలిపి మా బిడ్డ ఒంటికి రుద్దమని ఇచ్చేది. ఆ వాసన నాకు చాలా ఇష్టం. మా ఆయన మాత్రం, "మీరిద్దరు గూడి మంచిర్యాలల తుంగ లేకుండ చేస్తరా ఏంది?" అని నవ్వేవాడు.

తవ్వుతూ మాట్లాడుకునేవాళ్లం. వాళ్ల ఊరు చెన్నూరు దగ్గర. పోలీసు యాక్షన్ జరిగిన ఏడాది ఊరు విడిచి వచ్చారు. "మంచిగనే ఉంటిమి చెల్లె. తర్వాత ఊరు మంచిగ లేకుండె," అంది ఒకసారి. అంతకు మించి చెప్పలేదు, నేనూ అడగలేదు. మంచిర్యాలకు వచ్చిన కొత్తలో భాయికి పని దొరకలేదట. అప్పుడు ఈ చెట్టు ఆకే కూర, ఈ చెట్టు కాయే కూర. "దీని రుణం తీరదు," అనేది, చెట్టు వైపు చూసి. ఇద్దరు పిల్లలు పుట్టి పోయారని కూడా ఆ తవ్వకాల్లోనే తెలిసింది. ఆ మాట చెప్పి తల వంచుకుని గడ్డలు ఏరుతూనే ఉంది. నేను కూడా ఏరుతూనే ఉన్నాను.

మరుసటి వానలకు పెరడు పెరడులా అయింది. చిక్కుడు, బీర, వంకాయ, మిరప వేశాము. ఎవరి వైపు ఏది కాసినా ఇద్దరి ఇళ్లలోనూ కూర అదే. పురుగు లేకుండా మొక్క పెరగదు కదా. చిక్కుడు తీగకు నల్లగా పేను పడితే పొద్దున మంచు ఆరకముందే పొయ్యి బూడిద జల్లేవాళ్లం. వంగమొక్కల చివర్లు వాలిపోతే, లోపల పురుగు దూరిందని తెలిసి, ఆ చివర్లు తుంచి నిప్పుల్లో వేసేవాళ్లం. బీర మొలకల మీద ఎర్ర పెంకుపురుగులు వాలితే ఏరి పారేయడం బిడ్డకు ఆట. అప్పటికి అది దడి దాటడం నేర్చింది. పొద్దున లేవగానే ఆపా ఇంట్లోకి పోయేది. ఆవిడ గుడియా, అంటే బొమ్మ, అని పిలిచేది దాన్ని. గుడ్డ ముక్కలతో గౌన్లు కుట్టి వేసేది. ఆకలైతేనే బిడ్డ నా దగ్గరికి వచ్చేది.

నా జీవితంలో అంత నిశ్చింతగా గడిచిన రోజులు మళ్లీ లేవు. ఆ సంగతి అప్పుడు తెలియదు.

ఆ మరుసటి ఏడు వానలు ముందే వచ్చాయి. ఒక పొద్దున పెరట్లోకి పోతే మునగచెట్టు మొదలు మీద ఎవరో చిరిగిన గొంగడి ముక్క చుట్టినట్టు కనిపించింది. దగ్గరికి పోయి చూస్తే అది కదులుతోంది. వేలు పొడుగు గొంగళి పురుగులు, బూడిద రంగువి, ఒకదాని మీద ఒకటి ఎక్కి ముద్దగా పట్టుకుని ఉన్నాయి. ఒళ్లంతా బొచ్చు.

"ప్రతి ఏడు వస్తయి. గీసారి జర ఎక్కువొచ్చినయి," అంది ఆపా. "వాన తగ్గినంక అవే పోతయి, ఫికర్ చెయ్యకు."

కాని ఆ ఏడు అవి జర ఎక్కువ కాదు, చాలా ఎక్కువ. పగలంతా మొదలు మీద కదలకుండా ఉండేవి. పొద్దు వాలగానే వరుసగా పైకి ఎక్కి ఆకు తినేవి. కొద్ది రోజుల్లో చెట్టు మోడయింది. పెరడంతా ఆవాలు పోసినట్టు వాటి పెంట. పైన ఆకు అయిపోయాక కిందికి దిగి దడి మీద, బావి గట్టు మీద, మా గోడ మీద పాకసాగాయి. చీపురుతో ఊడ్చి మంట వేస్తే మరునాటికి మళ్లీ అన్నే. వంట చేస్తూ కూడా భుజాల మీద ఏదో పాకుతున్నట్టే ఉండేది. పప్పు మీద మూత తీయాలన్నా భయం.

ఒక మధ్యాహ్నం తీగ మీద ఆరిన గౌను తీసి బిడ్డకు వేశాను. దులిపే వేశాను. కాసేపటికి బిడ్డ కేక పెట్టింది. గౌను లాగేసి చూస్తే వీపు, మెడ, చంకలు ఎర్రగా కాయలు కట్టినట్టు లేచాయి. ఆపా పరుగెత్తుకొచ్చింది. గొంగడి ముక్క తెచ్చి మెల్లగా ఒళ్లు తుడిచింది, బొచ్చు దానికి అంటుకుని వస్తుందని. ఆముదం రాసింది. బిడ్డ మా ఇద్దరి చేతుల్లో గిలగిల్లాడింది. సాయంత్రానికి ఒళ్లు కాలిపోయి జ్వరం వచ్చింది.

మా ఆయన డిపో నుంచి వచ్చేసరికి బిడ్డ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లి ఉంది. ఆయన వీపు తిప్పి చూశాడు. అది ఉబ్బి, వాచి, ఎవరో కొట్టినట్టు ఉంది. ఆయన లేచి పెరట్లోకి పోయాడు. నేను వెనకే పోయాను. చెట్టుకేసి చూస్తూ గట్టిగా, అవతలి ఇంటికి వినబడాలనే అన్నాడు.

"గా చెట్టును నరికితె పీడ పోతది. బిడ్డ పాణం కన్న చెట్టు ఎక్కువనా వీళ్లకు?"

"జర మెల్లగ మాట్లాడుండ్రి. ఆపా ఏం చేస్తది? ఆమెనే గద నూనె రాసింది," అన్నాను చేయి పట్టుకుని.

ఆయన చేయి విదిలించుకున్నాడు.

"నీకు తెల్వదు, ఊకో. పిల్లలు లేనోళ్లకు ఏం తెలుస్తది బిడ్డ నొప్పి!"

అవతల గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగిపోయింది. నేను అక్కడే నిలబడిపోయాను. మళ్లీ గిన్నెల చప్పుడు వినబడుతుందేమోనని ఎదురుచూశాను. వినబడలేదు. మా ఆయన ముఖం చూస్తే, అన్న మాట ఆయన చెవికి అప్పుడే పడ్డట్టుంది. లోపలికి వచ్చి బిడ్డ పక్కన కూర్చున్నాడు. అన్నం వద్దన్నాడు.

మరునాడు ఆయన డిపోలో చెదలకు చల్లే గమాక్సిన్ పొడి పొట్లం కట్టుకుని తెచ్చాడు. ముక్కుకు తువ్వాల కట్టుకుని చెట్టు మొదలంతా చల్లాడు. ఆ వాసన ఇంట్లోకి వచ్చి బియ్యానికి కూడా పట్టింది. కొన్ని పురుగులు రాలాయి. ఆ సాయంత్రమే వాన కొట్టింది. పొడి అంతా కొట్టుకుపోయి వంగమడిలో పడింది. మళ్లీ పొద్దునకు మొదలు మీద పురుగుల గొంగడి అట్లాగే ఉంది.

ఆపా దడి దాటి రాలేదు. పలకరిస్తే పలికేది. "గుడియాకు ఎట్లున్నది?" అని అడిగేది. "నయమైంది ఆపా," అంటే, "అల్లా మంచిగ చూడాలె," అని లోపలికి పోయేది. మా ఆయన అన్న మాటకు నేను ఏదో చెప్పాలని నోరు తెరిచేదాన్ని. ఏ మాట చెప్పినా ఆ మాటను మళ్లీ గుర్తు చేసినట్టే అవుతుంది కదా. అందుకని చెప్పలేదు.

ఒక రోజు వాన తెరిపిచ్చి ఎండ కాసింది. మగవాళ్లు పోయారు. నేను వంటింట్లో ఉండగా గ్యాసునూనె, అదే కిరసనాయిలు, కాలుతున్న వాసన వచ్చింది. తలుపు తీసి చూస్తే ఆపా పొడుగాటి వెదురుకు గుడ్డ చుట్టి, నూనెలో ముంచి, అంటించి చెట్టు ముందు నిలబడి ఉంది.

"ఆపా, ఏం చేస్తున్నవ్? భాయి వచ్చినంక చేద్దం, ఆగు!"

"నువ్వు బయటికి రాకు చెల్లె. గుడియాను లోపట ఉంచు. తలుపు బెట్టుకో," అంది, ఇటు తిరగకుండానే.

బిడ్డ నా చీర పట్టుకుని బయటికి రావాలని గింజుకుంటోంది. నేను తలుపు వేసి కిటికీలోంచి చూశాను. ఆవిడ మంటను మొదలుకు తాకించింది. చిటపటమని చప్పుడు. పురుగులు కుప్పలుగా కింద పడి మెలికలు తిరుగుతున్నాయి. వాటిని కాలితో మంటలోకి తోస్తోంది. పైన కొమ్మ చీలిక దగ్గర ఇంకో ముద్ద ఉంది. మెడ పైకెత్తి, వెదురు ఎత్తి అక్కడ అంటించింది. పొగతో పాటు ఏదో సన్నటి దుమ్ములాంటిది ఎండలో తేలుతూ కిందికి దిగడం నాకు కిటికీలోంచి కనబడింది. అది ఏమిటో అప్పుడు తట్టలేదు.

ఆపా వెదురు కింద పడేసింది. కొంగుతో కన్ను నులుముకుంది. మళ్లీ నులుముకుంది. ఆ తర్వాత నేల మీద కూలబడి రెండు చేతులతో ముఖం పట్టుకుంది.

నేను బిడ్డను లోపల ఉంచి గొళ్లెం పెట్టి పరుగెత్తాను. నీళ్లు చల్లాను. ఎడమ కన్ను తెరవలేకపోతోంది. "ఇసుక పోసినట్టున్నది చెల్లె, ఇసుక పోసినట్టున్నది," అంటోంది. మా ఊళ్లో కంట్లో ఏది పడ్డా చనుబాలు వేసేవాళ్లు. బిడ్డ ఇంకా పూర్తిగా పాలు మానలేదు. ఆవిడ తలను నా ఒళ్లో పెట్టుకుని, రెప్ప తెరిచి పాలు పిండాను. ఆ కన్ను అప్పటికే నెత్తురు ముద్దలా ఉంది. లోపల బిడ్డ తలుపు బాదుతూ ఏడుస్తోంది. "పో, దాన్ని చూసుకో," అంటోంది ఆపా. నేను కదల్లేదు.

భాయి వచ్చి సర్కారు దవాఖానకు తీసుకుపోయాడు. నేనూ వెంట పోయాను. డాక్టరు లైటు పెట్టి చూసి, చిన్న పటకారులాంటి చిమటాతో సన్నటి వెంట్రుకలు కొన్ని తీశాడు. ఆపా నా చేయి గట్టిగా పట్టుకుంది. ఆమె గోళ్లు దిగిన గుర్తులు చాలా రోజులు నా చేతి మీద ఉన్నాయి.

"పైకి కనబడినయి తీసిన," అన్నాడు డాక్టరు భాయితో. "కొన్ని లోపటికి దిగినయి. పురుగు బొచ్చు కంటిగుడ్డు లోపటికి పోతది. మందు వెయ్యండ్రి. తగ్గకపోతె హైదరాబాదు పోవాలె."

తగ్గలేదు. కొన్ని రోజులు ఎరుపు తేలిపోయేది, అందరం ఊపిరి పీల్చుకునేవాళ్లం. మళ్లీ ఒక పొద్దున కన్ను వాచి నీళ్లు కారేది. వెలుతురు చూడలేకపోయేది. తలుపులు మూసుకుని చీకట్లో కూర్చునేది. కాజాల పని ఆగిపోయింది. భాయి పగలు మిషను తొక్కి, ఇంటికి వచ్చి కాజాలు కూడా తనే కుట్టేవాడు. నేను అన్నం, కూర తీసుకుపోతే, "నీకెందుకు చెల్లె గింత పరేషాన్," అనేది. బిడ్డ పోయి ఒళ్లో కూర్చుంటే ఒక చేతితో దాని వీపు నిమిరేది. వీపు మీద మచ్చలు పోయాయా అని వేళ్లతో వెతికేది.

మా ఆయన పొద్దున పోయేటప్పుడు వాళ్ల వాకిట ఆగి, "భాయీ, ఏమన్న కావాల్నా?" అని అడిగేవాడు. "ఏం వద్దు తమ్ముడా," అనేవాడు భాయి. ఆ రోజు పెరట్లో మా ఆయన అన్న మాటలు భాయికి తెలుసో తెలియదో నాకు ఇప్పటికీ తెలియదు. ఆపా చెప్పి ఉండదనే అనుకుంటాను.

ఆఖరుకు ఇద్దరూ రైలెక్కి హైదరాబాదు పోయారు. వాళ్ల ఇంటి తాళం చెవి నాకు ఇచ్చి పోయారు. వాళ్లు లేనప్పుడు ఒక ఆదివారం మా ఆయన డిపో నుంచి ఇద్దరు కూలీలను, గొడ్డళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు.

"వాళ్లు రానీయుండ్రి. వాళ్లను అడుగకుంట ఎట్ల?" అన్నాను.

"ఇంక ఎవలకు గిట్ల కావద్దు. వాళ్లు వచ్చేసరికి ఇది కండ్ల పడొద్దు," అన్నాడు.

ఆయన అది కోపంతో చేయలేదు. ఆ చెట్టును రోజూ చూడడం ఆయనకే కష్టమైపోయింది. అప్పటికి పురుగులు ఒక్కటి కూడా లేవు. వానలు వెనకబట్టాయి, చెట్టుకు లేత చిగుర్లు వచ్చాయి. మునగ కర్ర మెత్తన. పెద్ద చెట్టే అయినా పొద్దెక్కేలోపు నేలకు వచ్చింది. ఆ కర్ర పొయ్యికి కూడా పనికిరాదని కూలీలు లాక్కుపోయి రోడ్డు పక్కన పడేశారు. పెరట్లోకి ఒక్కసారిగా ఎండ వచ్చి పడింది. వంగమడి, చిక్కుడు పందిరి అన్నీ చిన్నగా, బోసిగా కనిపించాయి.

వాళ్లు తిరిగి వచ్చారు. ఆపా కంటి మీద తెల్ల గుడ్డ కట్టు ఉంది. ఆ కంటికి ఇక చూపు రాదని అక్కడ చెప్పారట. రెండో కన్నును జాగ్రత్తగా చూసుకోమన్నారట. ఆవిడ ఇంట్లో సంచి దింపి పెరటి తలుపు తీసింది. నేను దడి దగ్గర నిలబడి ఉన్నాను. చాలాసేపు ఆ ఖాళీని చూసింది.

"ఎందుకు కొట్టిన్రు చెల్లె?"

"మా ఆయన కొట్టిచ్చిండు ఆపా. మల్ల పురుగొస్తదని."

"పురుగు పోయింది గద," అంది. ఆ గొంతులో కోపం లేదు. నిజంగా అర్థం కాక అడిగినట్టు ఉంది. "వాన తగ్గినంక అదే పోతదని చెప్పిన గద."

ఆవిడ తలుపు మెల్లగా మూసుకుంది.

ఆ తర్వాత ఒక కంటితోనే కుట్టడానికి కూర్చుంది. సూదిలో దారం ఎక్కడం లేదు. దారం ఒక పక్కకు, సూది ఒక పక్కకు పోయేవి. నేను పొద్దున్నే పోయి సూదులన్నింటికీ దారం ఎక్కించి దిండుకు గుచ్చి వచ్చేదాన్ని. దారమైతే నేను ఎక్కిస్తాను గాని కాజా ఆవిడే కుట్టాలి కదా. ఒక కాజా పెద్దగా, ఒకటి వంకరగా వచ్చేది. గిరాకీలు బట్టలు వెనక్కి తెచ్చి భాయి ముందు పడేసేవాళ్లు. పండుగ బట్టలు ఇచ్చే ఇళ్లు వేరే దర్జీ దగ్గరికి పోయాయి. ఒకరోజు నేను పోయేసరికి ఆవిడ కుట్టిన కుట్లన్నీ భాయి కూర్చుని విప్పుతున్నాడు. ఆపా పక్కనే ఉండి, విప్పిన దారాలు ఏరి చేతిలో పెట్టుకుంటోంది.

కరీంనగర్‌లో ఆపా తమ్ముడు ఉన్నాడు. బట్టల దుకాణంలో పని. వచ్చి తమ దగ్గర ఉండమన్నాడు. ఎండాకాలం మొదట్లో వాళ్లు ఇల్లు ఖాళీ చేశారు. మిషను బండి మీద ఎక్కించారు. బిడ్డ తనూ వస్తానని ఏడ్చింది. ఆపా దాన్ని ఎత్తుకోలేదు. ఎత్తుకుంటే దించలేనని అనుకుందేమో. నా తల మీద చేయి పెట్టి, "మంచిగుండు," అని బండి ఎక్కింది. మా ఆయన ఆ రోజు పనికి పోలేదు. సామాను మోశాడు, తాళ్లు కట్టాడు, బండి మలుపు తిరిగే దాకా వెంట నడిచాడు.

ఆ వాటాలోకి తర్వాత వేరేవాళ్లు వచ్చారు. మాకూ వాళ్లకూ మాటలు కలవలేదు. ఎవరి వంట వారిది, ఎవరి తలుపు వారిది.

కొన్నేళ్ల తర్వాత మా దగ్గరి చుట్టాల ఇంట్లో శుభకార్యానికి కరీంనగర్ పోయాము. అప్పటికి బిడ్డ బడికి పోతోంది. ఆపా వాళ్లను చూడకుండా రావడం నాకు ఇష్టం లేదు. అడుగుతూ అడుగుతూ ఆ గల్లీ పట్టుకున్నాము. మా ఆయన గల్లీ మొదట్లోనే ఆగిపోయాడు.

"నువ్వు పోయి రా. నేను ఇక్కడ ఉంట," అన్నాడు.

ఆపా వరండాలో చేటలో బియ్యం పెట్టుకుని వేళ్లతో రాళ్లు, మెరిగెలు ఏరుతోంది. తల ఎత్తలేదు. నేను, "ఆపా," అన్నాను. చేయి ఆగింది. రెండో కన్ను కూడా మసకబారిందని ఆవిడ తల తిప్పిన తీరులోనే తెలిసింది.

"చెల్లె గొంతు," అంది.

తమ్ముడి భార్య లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. దానితో ఆపా మాట మారిపోయింది. బాగున్నామంది. అందరూ బాగా చూసుకుంటున్నారంది. చాయ్ తాగిపొమ్మంది. నా బిడ్డ బిత్తరపోయి నా వెనక దాక్కుంది. దానికి ఆవిడ గుర్తు లేదు. "సిగ్గుపడుతున్నది, ఉండనియ్యి," అంది ఆపా. చేయి మాత్రం కాసేపు ముందుకు చాపే ఉంచింది.

"తమ్ముడు రాలేదా?" అని మా ఆయన గురించి అడిగింది.

"గల్లీ మొదట ఉన్నరు."

"రమ్మను. చాయ్ తాగి పోతడు."

నేను పోయి పిలుచుకొచ్చాను. ఆయన వచ్చి వాకిట్లో చెప్పులు విడిచి నిలబడ్డాడు. ఆపా, "తమ్ముడా, డిపో పని మంచిగనే ఉన్నదా? గోదావరికి ఈ ఏడు వరదలొచ్చినయా?" అని అడిగింది. ఆయన ఉన్నదని, వచ్చాయని చెప్పాడు. కప్పు చేతిలో పట్టుకుని ఉన్నాడు, తాగడం లేదు. ఏదో అనబోతున్నాడని నాకు తెలుస్తోంది. గుమ్మంలో ఆపా తమ్ముడి భార్య నిలబడే ఉంది. చాయ్ చల్లారిపోయింది. ఇక పోయి వస్తామని చెప్పి బయలుదేరాము. బస్సులో ఆయన కిటికీ వైపు ముఖం తిప్పుకుని కూర్చున్నాడు. మంచిర్యాల వచ్చే దాకా ఇటు తిరగలేదు.

మరుసటి చలికాలంలో, కరీంనగర్ నుంచి కలప కోసం వచ్చిన ఒక మేస్త్రీ డిపోలో మాటల మధ్య చెప్పాడట, ఆపా పోయిందని. అప్పటికే కొద్ది రోజులు గడిచాయి. మా ఆయన మధ్యాహ్నమే ఇంటికి వచ్చి ఆ మాట చెప్పి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను ఏడ్చాను. బిడ్డ ఎవరు అని అడిగింది.

"నేను పోయొస్త," అన్నాడు ఆయన.

"ఇప్పుడు పోయి ఏం చేస్తరు? అన్ని అయిపోయి ఉంటయి."

"పోవాలె," అన్నాడు.

నేనూ వస్తానన్నాను. వద్దన్నాడు. చొక్కా మార్చుకుని ఒక్కడే బస్టాండుకు పోయాడు. మరునాడు సాయంత్రం వచ్చాడు. మోకాళ్ల దగ్గర పంచెకు మట్టి అంటి ఉంది, ఆపా గోరీ దగ్గరిదే అనుకున్నాను. భాయి కనిపించాడా అంటే కనిపించాడన్నాడు. ఏమన్నాడు అంటే, "ఏమంటడు," అన్నాడు. అక్కడ ఎంతసేపు ఉన్నాడు, ఎవరితో ఏం మాట్లాడాడు, మనసులో మోసుకుపోయిన మాట చెప్పగలిగాడా లేదా, ఇవేవీ చెప్పలేదు. స్నానం చేసి, పెట్టిన అన్నం తిన్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు కలిసి బతికాము. ఎన్నో సంగతులు మాట్లాడుకున్నాము. ఆ ప్రయాణం గురించి మాత్రం ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.